నలభయ్యో గడి

స్టాకు గదికి బయటినుంచి తాళం వేసి ఉంది. లోపల మనిషి ఉంది.

సర్వేయరమ్మ ఆ తాళం వంక చూసి, చేతిసంచీని ఈ భుజం మీదినుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. మూడంతస్తులు ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. లిఫ్టు ఉంది గానీ అందులో ఖాళీ అట్టపెట్టెలు పేర్చుకున్నారు. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

“ఇదెవరు వేశారు?” అంది.

షాపు పెద్దాయన నీళ్ళు నమిలాడు. పక్కనే నిలబడ్డ ఆయన అల్లుడు మాత్రం తడుముకోలేదు.

“పద్ధతి కోసమండి. తనని ఎవరూ ఒక్క మాట అనలేదు. నాలుగింటిదాకా ఆలోచించుకోమన్నాం. కార్డులు ఎక్కడున్నాయో చెబితే సరేసరి. లేకపోతే స్టేషన్‌కి ఫోన్ చేస్తాం.”

“మనిషిని లోపల పెట్టి తాళం వేస్తే దాన్ని పద్ధతి అనరు బాబూ. స్టేషన్ వాళ్ళొస్తే ముందు దాని గురించే అడుగుతారు.”

అల్లుడు నవ్వి తాళం తీశాడు. మనిషి మర్యాదస్తుడు. కుర్చీ లాగి వేశాడు, ఫ్యాను తిప్పాడు, టీ తాగుతారా అని అడిగాడు. తలుపు తెరిచినా స్టాకమ్మాయి మాత్రం బయటికి రాకూడదన్నాడు. పెద్దాయన ఏదో అనబోయి మానేశాడు. వయసు మీద పడ్డాక సొంత షాపులో కూడా మనిషి ఎంత చిన్నబోతాడో చూస్తే సర్వేయరమ్మకి ప్రాణం ఉసూరుమంది.

ఆమె ముప్ఫై ఏళ్ళు బీమా కంపెనీలో సర్వేయరుగా చేసింది. కాలిన గోదాములు, మునిగిన దుకాణాలు, దొంగలు పడ్డ ఇళ్ళు తిరిగి, ఏముండేదో ఏం పోయిందో తేల్చడమే ఉద్యోగం. ఉద్యోగం అయిపోయినా ఆ పేరు ఉండిపోయింది, ఆ పనీ ఉండిపోయింది. ఆరేళ్ళ కిందట ఈ షాపులో నీటి గొట్టం పగిలి కార్డులు తడిసినప్పుడు, రెండు రోజులు నేలమీద కూర్చుని ఒక్కొక్క కార్డే ఆరబెట్టి రాసిపెట్టింది. అప్పటినుంచి పెద్దాయనకి ఆమె మీద గురి. అందుకే ఈ ఉదయం అల్లుడికి చెప్పకుండా ఫోన్ చేసి రమ్మన్నాడు.

సంగతి ఇది. ఇది సేకరణ కార్డుల షాపు. రెక్కల గుర్రాలు, రాక్షసులు, వీరులు అచ్చువేసిన ఆట కార్డులు. కొన్నిటిని పిల్లలు ఆడుకుంటారు, కొన్నిటిని పెద్దవాళ్ళు కళ్ళకద్దుకుని దాచుకుంటారు. అమ్మకమంతా ఆన్‌లైన్‌లోనే. ప్రతి కార్డుకీ ఒక ఫొటో, పేరు, ఎంత నలిగింది, బీరువాలో ఏ సొరుగు, ఏ గడి, అన్నీ అక్కడ ఎక్కించాలి. ఆన్‌లైన్‌లో ఉన్నదల్లా బీరువాలో ఉండాలి. బీరువాలో ఉన్నదల్లా ఆన్‌లైన్‌లో ఉండాలి. ఈ రెంటినీ సరిచూడటమే స్టాకమ్మాయి ఉద్యోగం.

నిన్న సాయంత్రం నాలుగున్నరకి ‘మంచు రాక్షసి’ అనే కార్డుకి ఆర్డరు వచ్చింది. కొన్నవాడు కొత్తవాడు, ఇంతకుముందెప్పుడూ ఏమీ కొనలేదు. ఆర్డరు చీటీలో ఉన్న పేరూ సొరుగు నంబరూ పట్టుకుని స్టాకమ్మాయి వెతికితే కార్డు లేదు. దాచకుండా తానే వచ్చి చెప్పింది. ఆమె ఇంటికి వెళ్ళాక అల్లుడు కూర్చుని ఆన్‌లైన్ లిస్టునీ బీరువానీ పోల్చి చూశాడు. ఇరవైయారు కార్డులు తక్కువొచ్చాయి. అన్నీ షాపులో ఎంచదగ్గవే. బీరువా తాళాలు రెండు. ఒకటి స్టాకమ్మాయి దగ్గర, రెండోది పెద్దాయన జేబులో.

“పోల్చి చూడటానికి ఎంతసేపు పట్టింది?” అని అల్లుణ్ణి అడిగింది సర్వేయరమ్మ.

“గంటన్నర పట్టిందండి. ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకి ముగించాను.”

“నువ్వొక్కడివేనా?”

“నేనొక్కణ్ణే.”

బీరువాలో వెయ్యికి పైగా కార్డులున్నాయని పెద్దాయన అప్పుడే చెప్పాడు. బల్ల మీద పడి ఉన్న ఒక మామూలు కార్డు తీసి అల్లుడి చేతికిచ్చి, దీని వెనకవైపు ఏముందో చదవమంది. అతను బొటనవేలు సరిగ్గా బొమ్మ నడిమధ్యన ఆనించి పట్టుకున్నాడు. కార్డులతో బతికేవాళ్ళు అంచుల్ని తప్ప ముట్టుకోరు. తడిసిన కార్డులతో రెండు రోజులు గడిపిన ఆమెకి కూడా ఆ సంగతి తెలుసు. రోజూ ముట్టుకోనివాడు వెయ్యి కార్డులు గంటన్నరలో చూశాడు. ఈ ముక్క ఆమె మనసులో ఒక మూల పెట్టుకుంది.

కొన్న కాగితాలుంటాయా అని అడిగితే ఉండవన్నాడు. పాత సేకరణలు మొత్తంగా కొంటారట, విడివిడిగా కార్డుకో చీటీ ఉండదట. ఆ ఇరవైయారూ ఆన్‌లైన్‌లో ఎప్పుడెక్కాయని అడిగితే, పోయిన వారం మూడు రోజుల్లో, స్టాకమ్మాయి పేరు మీదే ఎక్కాయని చెప్పాడు. జవాబులన్నీ చకచకా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండూ నలభైకి, బ్యాంకులో పనుంది, మూడున్నరకల్లా వచ్చేస్తానని కారు తాళాలు తీసుకుని వెళ్ళాడు. వెళ్తూ, “ఈలోగా మా పరిశోధకుడుగారు మీకు అన్నీ చూపిస్తారు” అన్నాడు.

ఆ పరిశోధకుడు మెట్లెక్కి వస్తూనే ఉన్నాడు. అతన్ని చూసి సర్వేయరమ్మకి ఉన్న ఓపిక కాస్తా పోయింది.

నలభై ఏళ్ళ మనిషి. ఎండైనా వానైనా మెడలో టై ఉండాల్సిందే. వెనకాల అందరూ ‘టైగారు’ అనేవాళ్ళు. క్రమంగా ఎదురుగా కూడా అనడం మొదలుపెట్టారు. అతను దాన్ని మర్యాదే అనుకున్నాడు. నాలుగేళ్ళు ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె తేల్చిన ఒక కేసుని తన పేరు మీద రాసి పంపి, ఆ పేరుతోనే సొంత ఆఫీసు పెట్టుకున్నాడు.

“మీరింకా తిరుగుతున్నారా మేడమ్? మోకాళ్ళు బాగున్నాయా?”

“మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నీ టై పొడుగైనట్టుంది.”

“ఇది తేలిపోయిన కేసు మేడమ్. తాళం ఆవిడ దగ్గర. ఎక్కించింది ఆవిడ. మొగుడితో కోర్టులో గొడవ, మనసు నిలకడగా లేదు. మీకు శ్రమ ఎందుకు?”

“శ్రమ నాకు అలవాటేలే. ఆ అమ్మాయితో మాట్లాడాక నీతో మాట్లాడతా.”

స్టాకమ్మాయి బీరువా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. ముప్ఫై మూడో నాలుగో ఉంటాయి. ఏడ్చిన మొహం కాదు, ఏడుపు కూడా దాటిపోయిన మొహం. సర్వేయరమ్మ లోపలికి రాగానే లేచి నిలబడి, ముందుగా టైమెంతైందని అడిగింది. ఒంటిగంట కావస్తోందని చెబితే వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది.

“నేను మూడూ పదికి బయల్దేరాలండి. మూడున్నరకి పాప బడి వదులుతారు. నేను తప్ప ఇంకెవరూ తేకూడదు. ఎవరికైనా చెబుదామంటే ఫోన్ తీసేసుకున్నారు.”

ఎవరు తీసుకున్నారంటే, టైగారు అని తలుపు వైపు చూసింది. పొద్దున ఒకసారి వచ్చి, సాక్ష్యం అని సంచీలో వేసుకుపోయాడట.

కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. భర్తతో పడక విడిగా ఉంటోంది. పాపకి ఏడేళ్ళు. తుది తీర్పు వచ్చేదాకా పాప తల్లి దగ్గరే ఉండాలని కోర్టు కాగితం ఇచ్చింది. భర్తకి ఉద్యోగం సరిహద్దుకి అవతల, పక్క దేశంలో. రోడ్డు మీద ఐదు గంటల ప్రయాణం. సెలవు మీద పది రోజులకని వచ్చాడు, ఈ రోజే వెళ్ళిపోతాడు. పాపని గనక ఒక్కసారి అటు దాటిస్తే ఇక్కడి కాగితం అక్కడ చెల్లదు. అందుకని ఈ పది రోజులూ కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. బడికి వెళ్ళి, పాపని తీసుకెళ్ళేవాళ్ళ లిస్టులోంచి తండ్రి పేరు కూడా తీయించేసింది.

“ఈ సాయంత్రం ఆయన వెళ్ళిపోతే గండం గడిచినట్టే అనుకున్నానండి. ఇంతలో ఇది వచ్చి పడింది. దొంగతనం కేసు పెడితే కోర్టు నా దగ్గర పాపని ఉంచుతుందా? బావగారికి కూడా చెప్పాను, కావాలంటే నన్ను పనిలోంచి తీసెయ్యండి, కేసు మాత్రం వద్దని. ఆయన పాపం, నా చేతుల్లో లేదమ్మా అన్నారు.”

అల్లుణ్ణి ఆమె బావగారు అంటుందని సర్వేయరమ్మ విన్నది. షాపుల్లో, ఆఫీసుల్లో అన్నయ్యగారు, బావగారు, బాబాయ్‌గారు అనుకోవడం మామూలే కదా అని దాటేసింది.

ఆమె మనసు అప్పుడు వేరే చోట ఉంది. తనకి ఏడేళ్ళప్పుడు ముందుగదిలో పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. అమ్మ వెంట ఆమె, నాన్న వెంట తమ్ముడు అని తేల్చారు. నాలుగేళ్ళ తమ్ముడు ఆమె గౌను అంచు పట్టుకుని వదల్లేదు. ఎవరో వంగి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. అరవై దాటినా ఇప్పటికీ, ఎవరైనా పంపకం అనే మాట అంటే ఆ వేళ్ళే గుర్తొస్తాయి. తల విదిలించుకుని లేచింది.

“బీరువా చూపించమ్మా.”

ఇనప బీరువా. ఇరవైయారు పొడుగాటి సొరుగులు. ఒక్కో సొరుగులో సన్నటి ప్లాస్టిక్ పలకలతో విడదీసిన నలభై గడులు. నిండిన ప్రతి గడిలో గట్టి తొడుగులో ఒక కార్డు నిలబెట్టి ఉంది. పలకల మీద అంకెలు పొందికగా అంటించి ఉన్నాయి. ఇంత శుభ్రంగా ఉన్న సరుకుని ఆమె ముప్ఫై ఏళ్ళలో చాలా తక్కువ చూసింది.

పోయిన కార్డుల లిస్టు ఏదని టైగారిని అడిగింది. అతను సంచీలోంచి ఒకే ఒక కాగితం తీశాడు. ఇరవైయారు పేర్లు, అన్నిటికన్నా గొప్పది మొదట, తర్వాత దానికన్నా తక్కువది, అలా కిందికి.

“ఏ సొరుగు, ఏ గడి అన్నది లేదేం?”

“కాగితంలో పట్టలేదని ఆ వరుస తీసేశాను. లేని కార్డు ఏ గడిలో లేకపోతే ఏం మేడమ్?”

సర్వేయరమ్మ ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. ఈ మాట నాలుగేళ్ళు తన దగ్గర ఉన్నవాడి నోటినుంచి వచ్చిందంటే తప్పు తనదే అనిపించింది. పెద్దాయనని బతిమాలి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఆయన ఒక్కో కార్డు పేజీ తెరిచి చదువుతుంటే, ఈమె పాత నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది. గంటకి పైనే పట్టింది. మధ్యలో టైగారు రెండుసార్లు ఆవలించాడు, ఒకసారి ఇదంతా మెషీను రెండు సెకన్లలో చేస్తుందన్నాడు. రాసింది పూర్తయ్యాక ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

ఒకటో సొరుగు, నలభయ్యో గడి. రెండో సొరుగు, నలభయ్యో గడి. మూడో సొరుగు, నలభయ్యో గడి. అలా ఇరవైయారో సొరుగు దాకా. సొరుగుకి ఒకటి, అన్నీ నలభయ్యో గడిలోనే.

“అమ్మాయ్, నలభయ్యో గడిలో ఏం పెడతావు నువ్వు?”

స్టాకమ్మాయి ప్రశ్న అర్థం కానట్టు చూసింది. “ఏమీ పెట్టనండి.”

“ఏమీ అంటే?”

“అది వేలి సందు. ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాను. పలకలు కాస్త వెనక్కి వాలితేనే వేలు దూరుతుంది. నలభై గడులూ నింపితే బిగుసుకుపోయి కార్డు మూలలు నలుగుతాయి. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే పెట్టుకున్న అలవాటు.”

“ఎవరికైనా చెప్పావా?”

“ఎవరూ అడగలేదండి.”

సర్వేయరమ్మ బల్ల మీది మామూలు కార్డుని తొడుగులో పెట్టి, ఏడో సొరుగు నలభయ్యో గడిలో అదిమి దూర్చింది. దూరింది. టైగారిని పిలిచి దాన్ని బయటికి తియ్యమంది. అతను రెండు వేళ్ళతో పట్టబోయాడు, పట్టు చిక్కలేదు. గోరు దూర్చాడు. గోరు విరిగింది. చివరికి బలంగా లాగితే తొడుగు మూల చిట్లి కార్డు మడతపడి వచ్చింది. అతను వేలు నోట్లో పెట్టుకున్నాడు.

“షాపులో అందరికన్నా జాగ్రత్తగా కార్డుల్ని చూసే మనిషి, అందరికన్నా మంచి కార్డుల్ని తెచ్చి ఇక్కడ పెట్టిందంటావా?”

“కంగారులో పెట్టి ఉండొచ్చు” అన్నాడు గానీ గొంతులో బింకం తగ్గింది.

ఆమె ఎనిమిదో సొరుగు తీసి నలభయ్యో గడి అడుగున వేలితో రాసి చూపించింది. బూడిదరంగు దుమ్ము. తొమ్మిదోది, పదోది, పదకొండోది. మిగిలిన గడుల అడుగులు తుడిచినట్టున్నాయి, ఈ ఒక్క గడిలోనే నెలల తరబడి పేరుకున్న దుమ్ము. మధ్యలో ఎక్కడా గీత లేదు.

“పోయిన వారం ఇక్కడ కార్డు నిలబెట్టి ఉంటే ఈ దుమ్ము మీద దాని అడుగు పడాలి కదా. ఏదీ?”

టైగారు వంగి చూశాడు. అతనికీ పని తెలుసు. తెలియనట్టు నటించడం మానడానికి కొంచెం టైము పట్టింది, అంతే. ఆమె ఆగలేదు. ఆ ఇరవైయారూ ఎక్కిన టైములు చదివింది. మూడు రోజులూ మూడూ ఇరవైకీ నాలుగూ ఐదుకీ మధ్యనే. ఆ టైములో స్టాకమ్మాయి పాప బడి దగ్గరుంటుంది. నాలుగుంపావుకి గానీ తిరిగి రాదు.

“ఫోన్‌లోంచి ఎక్కించి ఉండొచ్చు” అన్నాడు టైగారు.

“స్కూటరు నడుపుతూనా?”

అతను విరిగిన గోరు వంక చూసుకున్నాడు.

మిగిలింది ఫొటోలు. స్టాకమ్మాయికి ఉదయంనుంచి ఎవరూ ఆ ఫొటోలు చూపించలేదు, పేర్లు మాత్రమే చదివి నిలదీశారు. కంప్యూటరు ముందుకి రమ్మని చూపిస్తే, మొదటి ఫొటోకే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. రెండోది చూసింది, మూడోది చూసింది.

“ఇవి మనవే. పాతవి. ఈ మంచు రాక్షసి కుడి మూల చూడండి, గోరంత మడత ఉంది. దీన్ని పోయినేడు నేనే కట్టి పంపాను. ఇది రెండేళ్ళ కిందట పంపాను. ఈ గుర్రం వెళ్ళిన రోజు పెద్దాయన అన్నం తినలేదు. అన్నీ అమ్మేసినవేనండి. ఎవరో పాత ఫొటోలు తీసి కొత్తగా ఎక్కించారు.”

పెద్దాయన ఆ గుర్రం ఫొటో వంక చూస్తూ తలూపాడు. నిజమే అన్నాడు.

అంటే పోయింది ఏమీ లేదు. లేని కార్డుల్ని లిస్టులో ఎక్కించి, అవి లేవని గగ్గోలు పెట్టారు. కంప్యూటరులో ఖాళీ గడులు ఆకుపచ్చగా కనిపిస్తాయి. ప్రతి సొరుగులో ఒక్క గడి ఆకుపచ్చగా కనిపిస్తే, ఎక్కించినవాడు అదే అదనుగా అక్కడ రాసుకుంటూ పోయాడు. అది వేలి సందని వాడికి తెలియదు. ఒక్కనాడూ ఆ సొరుగులో చెయ్యి పెట్టి ఉండడు. మంచు రాక్షసికి ఆర్డరు పెట్టిన ఆ కొత్తవాడు కూడా వాడే అయ్యుండాలి. గంటన్నరలో వెయ్యి కార్డులూ పోల్చగలిగాడంటే ఏవి ఉండవో ముందే తెలిసినవాడు. స్టాకమ్మాయి బడికి వెళ్ళినప్పుడు, పెద్దాయన కునుకు తీసే వేళ, ఆమె పేరుతో తెరిచి ఉన్న ఈ కంప్యూటరు దగ్గర ఉండేది ఒక్కడే.

ఆమె పేరు పెట్టి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. పెద్దాయన రెండు చేతులూ బల్ల మీద ఆనించి అలా ఉండిపోయాడు.

టైగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటిసారి శిష్యుడిలా అడిగాడు.

“సరే మేడమ్, ఒప్పుకున్నా. కానీ ఎందుకు? కార్డు పోలేదు, అమ్ముకున్నదీ లేదు. నాలుగింటికి స్టేషన్ వాళ్ళొస్తే వాళ్ళూ ఇదే తేలుస్తారు. ఇంత నాటకం ఆడితే ఎవరికేం వచ్చింది?”

సర్వేయరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఇంటికి వెళ్ళి పడుకోవాలని ఉంది. అలవాటు కొద్దీ, కాలిన గోదాముల్లో నిలబడి వేసుకునే ప్రశ్నే వేసుకుంది. ఉదయం ఈ గదిలో ఉండి, ఇప్పుడు లేనిదేమిటి?

కార్డులు కావు. ఒక ఫోన్. ఈ అమ్మాయికి చెందిన ఐదారు గంటలు. ఇంకా, బ్యాంకుకని వెళ్ళిన ఒక మనిషి.

“అమ్మాయ్” అంది. “ఆయన్ని బావగారు అంటావు. మర్యాదకా, వరసకా?”

“వరసకేనండి. మా ఆయన పెదనాన్నగారి అబ్బాయి. ఈ ఉద్యోగం కూడా ఆయనే ఇప్పించారు, మేం కలిసున్నప్పుడు.”

సర్వేయరమ్మ నోటుపుస్తకం మూసేసింది. రెండు గంటల ముందు అడగాల్సిన మాట. ఆ రెండు గంటలూ నోటుపుస్తకంలో గడులు రాసుకుంటూ కూర్చుంది.

“ఫోన్ ఇవ్వు” అంది టైగారితో.

“సాక్ష్యం కింద...”

“ఫోన్ తియ్యమని నీకెవరు చెప్పారు?”

అతను సంచీ విప్పాడు. మొహంలో రంగు మారుతోంది. అల్లుడే చెప్పాడు. ఆపి పెట్టమని కూడా అతనే చెప్పాడు.

ఫోన్ తెరుచుకోవడానికి ఒక నిమిషం పట్టింది. తెరుచుకోగానే రెండు మిస్డ్ కాల్ సందేశాలు. రెండూ బడి నంబరునుంచి. ఒంటిగంటా ముప్ఫై రెండుకి ఒకసారి, ఒంటిగంటా ముప్ఫై ఆరుకి ఇంకోసారి ఫోన్ చేశారు, కలవలేదు. సర్వేయరమ్మే స్పీకరు మీద పెట్టి ఆ నంబరు నొక్కింది. అవతల ఆఫీసావిడ ఎత్తింది. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడే మనిషి. పాప ఇంట్లో ఎవరికో బాగోలేదని తీసుకెళ్ళడానికి వచ్చారనీ, తల్లిని అడుగుదామని రెండుసార్లు ఫోన్ చేశామనీ, అది ఆపేసి ఉందనీ చెప్పింది. ఒంటిగంటా నలభైకి పంపించారట.

“తండ్రి పేరు తీసెయ్యమని మీకు రాసిచ్చాను కదండీ” అంది స్టాకమ్మాయి.

“తీసేశామమ్మా. వచ్చింది ఆయన కాదు. లిస్టులో రెండో పేరు ఉంది కదా, ఆయన. గుర్తింపు కార్డు చూపించారు, సంతకం పెట్టారు. పాప కూడా పెదనాన్న అంటూ పరుగెత్తుకెళ్ళింది.”

గడియారం రెండూ యాభై చూపిస్తోంది. కారు బయల్దేరి గంటా పది నిమిషాలైంది. సరిహద్దు ఐదు గంటల దూరం. సర్వేయరమ్మ చేతిసంచీ తీసుకుని లేచింది. టైగారు అప్పటికే తలుపు దగ్గరున్నాడు, కారు కిందే ఉంది, దగ్గరి దారి నాకు తెలుసు అంటున్నాడు. పెద్దాయన కూతురికి ఫోన్ కలుపుతున్నాడు, నీ మొగుడెక్కడ అని అడగడానికి.

స్టాకమ్మాయి మాత్రం కదల్లేదు. ఫోన్ వంకే చూస్తోంది.

“పాపని చేర్పించిన రోజు, అత్యవసరానికి ఇంకొక పేరు కావాలన్నారు” అంది. “నేనే రాశానండి ఆయన పేరు. రోజంతా లిస్టులు సరిచూస్తాను. అదొక్కటీ మళ్ళీ చూసుకోలేదు.”